తెగుళ్ళ చిట్టా ఎండుటాకుల్లో వుంది
విత్తనం వెంటే వ్యాధి రవాణా. పాత నమూనాలు చెబుతున్న లెక్కలు
(మా వాణిజ్య విలేఖరి)

గోదావరిఖని: బొగ్గు గనుల పట్టణంలో పండేది తక్కువ, అమ్ముడుపోయేది ఎక్కువ. రామగుండం, గోదావరిఖని, ఎన్‌టీపీసీ, సెంటినరీ కాలనీ ప్రాంతాల కార్మిక కుటుంబాలు తినే కూరగాయల్లో పెద్ద భాగం బయటినుంచి లారీల మీద రావలసిందే. వేసవిలో మదనపల్లి టమాట, ఏడాది పొడవునా ఉత్తరాది ఆలుగడ్డ, మహారాష్ట్ర ఉల్లిగడ్డ, వరంగల్లు, ఖమ్మం మార్కెట్ల మిర్చి ఇక్కడి వ్యాపారానికి ఆధారం. అక్కడ పొలంలో ఆకు మాడితే ఇక్కడ గంప ధర మారుతుంది. రాబడులు తగ్గితే ధర పెరుగుతుందన్నది అందరికీ తెలిసిన సూత్రమే. కాని తెగులు సోకిన సరకు వచ్చినప్పుడు ధర పెరిగినా వ్యాపారికి మిగిలేదేమీ వుండదు. దారిలోనే కాయ మెత్తబడి, దింపేసరికి గంపకు ఇన్ని కిలోలు తరుగు తీయవలసి వస్తుంది.

తెగులు అనగానే వానమీదా మబ్బుమీదా నెపం వేయడం మనకు అలవాటు. వాన తెగులును పెంచుతుంది నిజమే, కాని పుట్టించదు. కొత్త తెగులు ఒక ప్రాంతానికి ఎక్కడినుంచో రావాలి. అది ఎక్కడినుంచి వచ్చింది, ఎవరి సరకుతో వచ్చింది, ఏ సంవత్సరం వచ్చింది అన్న ప్రశ్నలకు చాలాకాలం సమాధానం లేదు. ఈ లెక్క రాసిపెట్టిన చిట్టా ఒకటి వుందనీ, అది ప్రపంచంలోని పెద్ద పెద్ద వృక్షశాస్త్ర సంస్థల బీరువాల్లో కాగితపు పొట్లాల రూపంలో భద్రంగా వుందనీ గత పాతికేళ్ళ పరిశోధనలు తేల్చాయి. అందులోని పద్దులు చూస్తే వ్యాధి ప్రయాణమూ వ్యాపార ప్రయాణమూ చాలాచోట్ల ఒకే దారిలో సాగినట్లు కనిపిస్తుంది. వర్తకులు ఈ విషయం తెలుసుకోవలసిన అవసరం అందుకే వుంది.

ఆకు సాక్ష్యం

నిలవవున్న ఆకు సాక్ష్యం చెబుతుందంటే గని కార్మికులకు వింత కాదు. గోదావరి లోయ బొగ్గు పొరలకు పైనా కిందా వుండే మట్టిరాతిలో నాలుక ఆకారపు ఆకుల ముద్రలు దొరుకుతాయి. గ్లాసాప్టెరిస్ అనే ఆ చెట్లు 25 కోట్ల ఏళ్ళకు పూర్వం పెరిగి, అణగి, బొగ్గయినవి. ఆ ముద్రలను చూసే శాస్త్రజ్ఞులు బొగ్గు పొరల వయస్సు, వాటి వరస నిర్ణయిస్తారు.

తెగుళ్ళ విషయంలో చూసే ఆకులు అంత పాతవి కావు. నూరు, నూటయాభై ఏళ్ళనాటివి. తెగులు సోకిన ఆకునో, కాయనో, కొమ్మనో కోసి, కాగితాల మధ్య అదిమి ఆరబెట్టి, పొట్లం కట్టి, పైన ఒక చీటీ అతికిస్తారు. ఏ మొక్క, ఏ వూరు, ఏ తేదీ, కోసినవారెవరు అన్న నాలుగు వివరాలు ఆ చీటీలో వుంటాయి. మన లెక్కలో చెప్పాలంటే అది సరకు, బిల్లు రెండూ కలిసివున్న పొట్లం. అలాంటి పొట్లాలు దాచే చోటును హెర్బేరియం అంటారు. శిలీంధ్రాలకు ప్రత్యేకంగా వున్న వాటిల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది లండన్ సమీపాన కీ అనే చోట వున్న రాజవృక్షశాస్త్ర ఉద్యానవనంలోనిది. అక్కడ సుమారు 12.5 లక్షల నమూనాలు వున్నాయి.

ఎండినా ఆకులోని తెగులు తాలూకు డీఎన్ఏ పూర్తిగా నశించదు. డీఎన్ఏ అంటే ప్రతి జీవిలోనూ వుండే వంశ లిపి. కాలం గడిచినకొద్దీ అది చిన్న చిన్న ముక్కలుగా చిట్లిపోతుంది. ఆ ముక్కల కొసల్లో ఒక ప్రత్యేకమైన రసాయనిక మార్పు వస్తుంది. ఆ మార్పు వుంటే ముక్క పాతదేననీ, నిన్నమొన్న అంటుకున్న మురికి కాదనీ రుజువవుతుంది. వేలిగోరంత ఎండుటాకు తీసుకుని, ముక్కలను యంత్రాలతో చదివి, వరస కలిపి, ఈనాటి తెగుళ్ళ లిపితో పోల్చితే ఎవరు ఎవరికి బంధువో తెలుస్తుంది. చీటీ మీది వూరూ తేదీ అందుకు తోడైతే, తెగులు ఏ దారిన నడిచిందో పటం గీయవచ్చు.

ఐర్లండు ఆలుగడ్డ

ఈ పద్ధతికి మొదటి పరీక్ష ఆలుగడ్డ మీద జరిగింది. లేట్ బ్లైట్ అని పిలిచే మాడు తెగులు 1843లో అమెరికా తూర్పు తీరాన కనిపించింది. 1845 వేసవిలో బెల్జియంలో బయటపడి, కొద్ది వారాల్లోనే ఇంగ్లండుకు, సెప్టెంబరుకల్లా ఐర్లండుకు పాకింది. ఐర్లండు పేదలకు ఆలుగడ్డే అన్నం. ఆ తర్వాత కొన్నేళ్ళలో పది లక్షలమంది దాకా చనిపోయారు. దాదాపు అంతమందీ దేశం విడిచి పోయారు. బ్రిటిష్ ప్రధాని రాబర్ట్ పీల్ లక్ష పౌన్ల విలువైన అమెరికా మొక్కజొన్నను రహస్యంగా కొనిపించిన సంగతి, 1846లో ధాన్యం దిగుమతి సుంకాల చట్టాలు రద్దయిన సంగతి వాణిజ్య చరిత్ర చదివినవారికి తెలిసినవే. ఒక ఆకు తెగులు ఒక సామ్రాజ్యం సుంకాల విధానాన్నే కదిలించివేసింది.

ఆనాడు ఇంగ్లండులో బెర్క్‌లీ అనే మతాచార్యుడు, ఈ మాడుకు కారణం చెడు వాతావరణం కాదనీ, ఆకును తినే ఒక బూజు అనీ 1846లో వాదించాడు. నమ్మినవారు తక్కువ. కాని అతడూ మరికొందరూ ఎండబెట్టి దాచిన ఆకులు మిగిలాయి. 2001లో అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జీన్ రిస్టైనో బృందం ఆ ఆకులనుంచి డీఎన్ఏ తీసి పరిశీలించింది. ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచమంతటా వ్యాపించివున్న రకమే కరవుకు కారణమని అంతవరకూ వున్న నమ్మకం పొరపాటని తేలింది. 2013లో ఐరోపా శాస్త్రజ్ఞులు 1845 నుంచి 1896 వరకు కోసిన పదకొండు నమూనాల వంశ లిపిని దాదాపు పూర్తిగా చదివి, ఆ కరవు రకం వేరేదని స్థిరపరిచారు.

అసలు విశేషం 2021లో వెలువడింది. రిస్టైనో, సావిల్ అనే పరిశోధకులు ఆరు ఖండాలకు చెందిన 137 పాత నమూనాలను పరిశీలించగా, వాటిల్లో నూటికి 73 నమూనాల్లో కనిపించింది ఒకే రకం. దానికి ఫామ్-1 అని పేరు. అమెరికానుంచి ఐరోపాకు, అక్కడినుంచి వలస పాలనలోని ఆసియా, ఆఫ్రికా దేశాలకు అదే రకం చేరి, నూరేళ్ళకు పైగా నిలిచింది. గాలికి బూజు పొడి కొన్ని మైళ్ళు పోగలదేమోగాని, సముద్రాలు దాటాలంటే ఎవరో ఓడ ఎక్కించాలి. ఎక్కించింది విత్తనపు ఆలుగడ్డ. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలా, మెక్సికోనా అన్న వాదం ఇంకా తేలలేదు.

మన దేశానికి ఈ తెగులు 1870-80 మధ్య నీలగిరులకు, 1883లో డార్జిలింగుకు వచ్చినట్లు రికార్డులు చెబుతున్నాయి. రెండూ తెల్లదొరలు చల్లదనం కోసం వెళ్ళి, ఐరోపానుంచి విత్తనం తెప్పించి కూరగాయలు వేయించిన కొండలే కావడం గమనార్హం.

టమాట గంపలో కొత్త అతిథి

ఇదంతా పాత చరిత్ర అనుకోవడానికి వీలులేదు. ఆలుగడ్డ, టమాట రెండూ ఒకే కుటుంబం మొక్కలు కావడంవల్ల ఈ తెగులు రెంటినీ పట్టుకుంటుంది. 2009-10 ప్రాంతంలో కర్ణాటకలో టమాట తోటలు విపరీతంగా మాడిపోయాయి. రైతులు ఎప్పటివలెనే మెటలాక్సిల్ మందు కొట్టారు. మందు పనిచేయలేదు. బెంగళూరు సమీపాన హెసరఘట్టలోని భారత ఉద్యానవన పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలించి, ఇది పాత తెగులు కాదనీ, ‘13-ఏ2’ అనే కొత్త రకమనీ 2013లో ప్రకటించారు. ఈ రకం 2004లో ఐరోపాలో మొదట కనిపించి, మెటలాక్సిల్‌కు లొంగకుండా అక్కడి పాత రకాలను పక్కకు నెట్టివేసినది. 2018లో వెలువడిన మరో పరిశోధన తూర్పు భారతదేశపు ఆలుగడ్డ పొలాల్లోనూ దీనిదే ఆధిపత్యమని తెలిపింది.

ఐరోపాలో పుట్టి పెరిగిన రకం కొద్ది సంవత్సరాల్లో దక్షిణాదికి ఎలా చేరింది? విత్తనపు దుంపల దిగుమతి మీదనే అనుమానం. ఇక్కడ పాత నమూనాల విలువ బోధపడుతుంది. వెనక వున్న రకమేదో తెలిస్తేగాని, ఇప్పుడు వచ్చింది కొత్తదని చెప్పలేము. పాత చిట్టా లేని దుకాణంలో దొంగతనం జరిగినా ఎంత పోయిందో చెప్పలేనట్లే ఇదీను. వ్యాపారికి దీనివల్ల కలిగే నష్టం నేరుగా వుంటుంది. మదనపల్లిలో తోట మీద అడ్వాన్సు ఇచ్చిన వర్తకుడు, రైతు మందు కొట్టాడు కదా అని ధైర్యంగా వుంటాడు. రకం మారిన సంగతి తెలియకపోతే ఆ మందు ఖర్చూ, ఇచ్చిన అడ్వాన్సూ, రావలసిన సరకూ మూడూ పోతాయి.

గోదావరి తాటిచెట్లు

శిలీంధ్ర నమూనాల చరిత్రలో తెలుగునేలకు కూడా ఒక ముఖ్యమైన పద్దు వుంది. ఇరవయ్యో శతాబ్దం తొలి యేళ్ళలో గోదావరి డెల్టాలో తాటిచెట్లు వరసపెట్టి చనిపోసాగాయి. చెట్టు నడితలలోని మొవ్వు మెత్తబడి, దుర్వాసనతో కుళ్ళి, పీకితే ఊడివచ్చేది. మొవ్వు పోయిన తాటికి మళ్ళీ చిగురు రాదు. తాటిబెల్లం, కల్లు, తాటాకు, దూలం అన్నీ ఒక్క చెట్టునుంచే వచ్చే ఆ ప్రాంతంలో ఇది చిన్న నష్టం కాదు. కొబ్బరికీ, పోకకూ కూడా ఆ జబ్బు సోకింది.

దీన్ని పరిశీలించినవాడు ఎడ్విన్ జాన్ బట్లర్. ఇతడు 1874లో ఐర్లండులోని క్లేర్ జిల్లాలో పుట్టాడు. ఆలుగడ్డ కరవు దారుణంగా దెబ్బతీసిన జిల్లాల్లో అదొకటి. వైద్యం చదివి, మొక్కల జబ్బుల వైపు మళ్ళి, 1901లో మన దేశానికి వచ్చి, తర్వాత బీహారులోని పూసా వ్యవసాయ పరిశోధనా సంస్థలో ప్రభుత్వ శిలీంధ్ర శాస్త్రజ్ఞుడైనాడు. గోదావరి తాటి మొవ్వుకుళ్ళుకు కారణమైన బూజుకు 1907లో ‘పిథియం పామివోరం’ అని పేరు పెట్టాడు. పామివోరం అంటే తాటిజాతి చెట్లను తినేది అని అర్థం. 1910లో దీనిమీద విపులమైన గ్రంథం ప్రకటించాడు. 1919లో దాన్ని ఆలుగడ్డ తెగులు కుటుంబమైన ‘ఫైటాఫ్తరా’లోకి మార్చాడు. తెగులు సోకిన చెట్ల తలలు నరికి తగులబెట్టించే కార్యక్రమాన్ని మద్రాసు ప్రభుత్వం గోదావరి జిల్లాలో చేపట్టింది. నేటి శాస్త్రజ్ఞులు ఈ కుటుంబాన్ని అసలు శిలీంధ్రాల్లో చేర్చరు, నీటి బూజులంటారు. అయినా వాటి నమూనాలు దాచేది శిలీంధ్రాల బీరువాల్లోనే.

బట్లర్ చేసిన పెద్ద మేలు మరొకటి వుంది. తాను చూసిన ప్రతి తెగులు నమూనానూ ఎండబెట్టి దాచాడు. పూసాలో అలా ఏర్పడిన సేకరణే మన దేశంలో ప్రధానమైన శిలీంధ్ర హెర్బేరియం. 1934 జనవరి భూకంపంలో పూసా భవనాలు దెబ్బతినడంతో 1936లో ఆ సంస్థ ఢిల్లీకి మారింది. నమూనాలూ వెంట వెళ్ళాయి. ఇప్పటికీ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో అవి వున్నాయి. బట్లర్ 1920లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళి, కీ వద్ద కొత్తగా నెలకొల్పిన శిలీంధ్ర శాస్త్ర సంస్థకు తొలి అధిపతి అయినాడు. ఆ సంస్థ కూడబెట్టిన నమూనాలు 2009లో కీ ఉద్యానవనపు భాండాగారంలో కలిశాయి. ఈ విధంగా మన పొలాల తెగుళ్ళ చిట్టా ఒక ప్రతి ఢిల్లీలో, కొన్ని పుటలు లండన్ సమీపాన వున్నాయని చెప్పవచ్చు.

ఆయిల్ పామ్‌తో ముడి

నూరేళ్ళనాటి తాటిచెట్ల గొడవ ఈనాటి వర్తకులకు ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కారణం ఆయిల్ పామ్. వంటనూనెల దిగుమతి తగ్గించడానికి కేంద్రం 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. తెలంగాణ ప్రభుత్వం కూడా ఈ పంటను బాగా ప్రోత్సహించడంతో పెద్దపల్లి, కరీంనగర్, జగిత్యాల జిల్లాల్లోనూ తోటలు వెలిశాయి. నాటిన మూడు, నాలుగేళ్ళకు గెలలు మొదలై, పాతికేళ్ళకు పైగా దిగుబడి వుండే పంట ఇది. అంటే ఇవాళ పెట్టిన పెట్టుబడి పాతికేళ్ళపాటు ఆ మొక్క ఆరోగ్యం మీద ఆధారపడి వుంటుంది.

గోదావరి తాటిచెట్ల మీద బట్లర్ పేరు పెట్టిన ఆ పామివోరమే ఆయిల్ పామ్‌నూ పట్టగలదు. దక్షిణ అమెరికాలోని కొలంబియాలో మొవ్వుకుళ్ళు ఎన్నో ఏళ్ళుగా తోటలను తినేస్తున్నా కారణం తేలలేదు. 2006 తర్వాత టుమాకో ప్రాంతంలోనే 30 వేల హెక్టార్లకు పైగా తోటలు నాశనమయ్యాయి. చివరకు ఆ దేశపు ఆయిల్ పామ్ పరిశోధనా కేంద్రం 2010లో, అసలు దోషి పామివోరమేనని ప్రకటించింది. ఇదే బూజు కోకో కాయలను నల్లగా కుళ్ళబెడుతుంది, రబ్బరు, బొప్పాయి వంటి వాటినీ వదలదు. దీని పుట్టిల్లు ఆగ్నేయాసియా అయివుండవచ్చుననీ, తోట పంటల మొక్కల వెంట పలుమార్లు ఖండాలు దాటిందనీ వంశ లిపి చదివిన పరిశోధకుల అభిప్రాయం.

మన తోటలకు కావలసిన మొలక గింజల్లో చాలా భాగం మలేషియా, థాయిలాండ్, కోస్టారికా వంటి దేశాలనుంచి దిగుమతి అవుతున్నవే. వీటిని క్వారంటైన్ తనిఖీలు దాటించి నర్సరీల్లో పెంచి రైతులకు ఇస్తారు. కొలంబియాలో జరిగినంత నష్టం మన దగ్గర జరగలేదు, జరుగుతుందని బెదిరించడమూ సరికాదు. అయితే ఏ నర్సరీకి ఏ దేశపు గింజ, ఏ నెలలో వచ్చింది, అందులోనుంచి ఏయే గ్రామాలకు మొక్కలు వెళ్ళాయి అన్న లెక్క పక్కాగా వుండాలి. రేపు ఎక్కడైనా మొవ్వు మెత్తబడితే ఆ లెక్క ఒక్కటే పక్క తోటలను కాపాడుతుంది. లెక్క లేకపోతే అన్ని తోటల మీదా అనుమానం పడుతుంది. అప్పుడు మంచి మొక్క అమ్మిన నర్సరీ కూడా మునుగుతుంది.

తాలు మిర్చి, గోధుమ

మిర్చి వ్యాపారంలో తాలు కాయ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. రంగుపోయి తెల్లబారిన కాయను వేరు చేసి తక్కువ ధరకు అమ్ముకోవలసి వస్తుంది. తాలు కావడానికి కారణాల్లో ముఖ్యమైనది కాయకుళ్ళు తెగులు. కోయంబత్తూరు మిర్చి నమూనా ఆధారంగా 1913లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సిడో ఈ తెగులుకు మిర్చి పేరుతోనే ‘క్యాప్సిసి’ అని పేరు పెట్టాడు. దాదాపు నూరేళ్ళు పుస్తకాలన్నీ దాన్ని మిర్చి తెగులుగానే రాశాయి. 2009లో పాత నమూనాలనూ, కొత్తగా పెంచిన బూజులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అది అమెరికాలో 1832లోనే మరో పేరు పొందిన జాతి అని తేలింది. చిక్కుడు జాతి పంటల మీద కూడా అది బతుకుతుంది. కాయకుళ్ళు తెచ్చేది ఒక్క జాతి కాదు, పలు జాతులని కూడా ఈ పరీక్షలవల్లనే తెలిసింది.

పేరు మారితే ధర మారుతుందా అని నవ్వుకోవచ్చు. కాని ఏ దేశమైనా దిగుమతి నిషేధపు జాబితా రాసేది పేర్లతోనే. తమ దేశంలో లేని తెగులు అని ఒక దేశం సరకును ఆపివేసినప్పుడు, ఆ తెగులు ఆ దేశంలో వేరే పేరుతో ఎప్పటినుంచో వున్నదని రుజువు చేయగలిగేది పాత పొట్లమే. ఎగుమతి వర్తకులకు ఇది పనికివచ్చే సంగతి.

గోధుమ సంగతి ఇంకా ఇటీవలిది. బ్లాస్ట్ అనే వెన్ను తెగులు 1985లో బ్రెజిల్‌లోని పరానా రాష్ట్రంలో గోధుమ మీద మొదట కనిపించి, ముప్పయ్యేళ్ళపాటు దక్షిణ అమెరికా దాటలేదు. 2016 ఫిబ్రవరిలో హఠాత్తుగా బంగ్లాదేశ్‌లో సుమారు 15 వేల హెక్టార్ల మీద పడింది. శాస్త్రజ్ఞులు పొలంలోని ఆకులనే భద్రపరచి, నేరుగా వంశ లిపి చదివి, ఇది దక్షిణ అమెరికా రకమేనని నెలల వ్యవధిలోనే తేల్చారు. 2018లో ఆఫ్రికాలోని జాంబియాలోనూ ఆ తెగులు కనిపించింది. రెండు చోట్లకూ వెళ్ళింది ఒకే వంశమని 2023లో ప్రకటించారు. దిగుమతి చేసుకున్న ధాన్యం ద్వారానే వచ్చివుండవచ్చునన్న అనుమానం బలంగా వుంది. మన పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2017లో ముర్షిదాబాద్, నదియా జిల్లాల్లో గోధుమ సాగునే ఆపించవలసి వచ్చింది. 1845లో వచ్చిన రకమేదో తేలడానికి నూటయాభై ఏళ్ళకు పైగా పట్టింది. 2016లో కొన్ని నెలలు చాలాయి. ఆలస్యం తగ్గడానికి ఒక కారణం, వెనకటి నమూనాలు దాచివుండడం.

వర్తకులు చేయగలిగింది

తెగుళ్ళ రవాణాను అరికట్టడానికి మన దేశంలో 1914నాటి విధ్వంసక కీటకాలు, తెగుళ్ళ చట్టం, దాని కింద 2003లో వెలువడిన ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు వున్నాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థకు క్వారంటైన్ పరీక్షా కేంద్రం వుంది. పరిశోధనకోసం విదేశాలతో ఇచ్చిపుచ్చుకునే విత్తనాలను అక్కడ పరీక్షిస్తారు. ఓడరేవులో, విమానాశ్రయంలో తనిఖీ వుంటుంది. రాష్ట్రంనుంచి రాష్ట్రానికి, జిల్లానుంచి జిల్లాకు కదిలే లారీలకు అంత తనిఖీ ఎక్కడిది? అక్కడ కాపలా వర్తకుడి చిట్టాయే.

ఇందుకు పెద్ద ఖర్చేమీ లేదు. తినడానికి వచ్చిన ఆలుగడ్డను విత్తనం పేరున అమ్మకూడదు. అది ఎంత నాణ్యంగా కనిపించినా పొలంలోకి వెళ్ళవలసిన సరకు కాదు. విత్తనం, నారు, నర్సరీ మొక్కలు అమ్మేవారు బిల్లు మీద లాట్ నంబరు, వచ్చిన చోటు, తేదీ తప్పక రాయాలి. కొన్నవారి పేర్ల జాబితా కనీసం పంట చేతికి వచ్చేదాకా వుంచాలి. కుళ్ళిన టమాట, ఆలుగడ్డ కుప్పలను మార్కెట్ వెనక వదిలేస్తే వాన పడగానే అక్కడినుంచే తెగులు మళ్ళీ లేస్తుంది. వాటిని గోతిలో పూడ్చివేయడం మేలు. ఒకసారి తెగులు సరకు మోసిన గోనెలను, గంపలను ఎండబెట్టకుండా తిరిగి నింపకూడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది నమూనా. ధాన్యం, పత్తి, మిర్చి కొనేటప్పుడు నమూనా తీయడం, తగాదా వస్తే చూపడానికి దాచడం అడ్తి వ్యాపారంలో వున్న ఆచారమే. అదే ఆచారాన్ని కొంచెం పొడిగిస్తే చాలు. ఎన్నడూ చూడని మచ్చ, ఎన్నడూ చూడని కుళ్ళు సరకులో కనిపించినప్పుడు, రెండు ఆకులో నాలుగు కాయలో పాత వార్తాపత్రికల మధ్య ఆరబెట్టి, తేదీ, సరకు వచ్చిన వూరు, లారీ బిల్లు నంబరు రాసి వుంచాలి. ప్లాస్టిక్ సంచిలో మూటకడితే చెమ్మకు మురిగిపోతుంది, కాగితమే తగినది. దాన్ని పెద్దపల్లి జిల్లాలోని రామగిరిఖిల్లా కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, జగిత్యాల సమీపాన పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి గాని చేర్చితే అక్కడివారు పరిశీలించగలరు.

ఒక వర్తకుడు ఇలా పంపిన పొట్లంవల్ల అతనికి ఆ రోజు ఒక్క పైసా లాభం రాకపోవచ్చు. పైగా సరకులో తెగులున్నదని బయటపెడితే ధర పడిపోతుందన్న భయమూ వుంటుంది. ఆ భయం సహేతుకమైనదే. కాని తెగులు మాట దాచి అమ్మిన విత్తనం తెగులును దాచదు. వచ్చే పంటకల్లా అది కొన్నవాడి పొలంలో బయటపడి, ఆ పై ఏడు రాబడుల్లో కోతగా అమ్మినవాడి దుకాణానికే తిరిగివస్తుంది. నీలగిరి కొండలకు విత్తనపు దుంపలు పంపిన వ్యాపారి ఎవరో ఏ పుస్తకమూ చెప్పడం లేదు. ఆ సరకు వెంట వచ్చిన జబ్బు మాత్రం ఇక్కడే స్థిరపడింది. దాని వారస రకాలకు మందులు కొంటున్నది నేటి రైతులు, తరుగు భరిస్తున్నది నేటి వర్తకులు.

ఈ సీజనులో విత్తనపు సరకు, నర్సరీ మొక్కలు దించుకునే వ్యాపారులు లాట్ నంబరు లేని బిల్లును అంగీకరించకుండా వుండడం మంచిది.